కారని దొన్నె

ఎర్సిలియా వంగి ఆకు తిప్పింది. మరో ఆకు. ఇంకోటి. పచ్చికమీద పరిచిన ఆకులు రాత్రంతా మంచులో తడిసి పైవైపు మెత్తబడి ఉన్నాయి. ఎండ చురుక్కుమనకముందే వాటన్నిటినీ బోర్లించాలి. గంట ఆలస్యమైతే అంచులు ముడుచుకుపోతాయి. ముడుచుకున్న ఆకు పొయ్యిలోకి తప్ప మరి దేనికీ పనికిరాదు. ఎడమచేత్తో కాడ పట్టుకుని, కుడి అరచేతిని ఆకు కిందికి పోనిచ్చి, నిద్రపోతున్న పసిపిల్లని పక్కకి ఒత్తిగిలబెట్టినట్టు తిప్పుతుంది ఆమె. ముప్పైనాలుగేళ్లుగా అలాగే తిప్పుతోంది.

బిహావో ఆకు చూడ్డానికి అరిటాకులా ఉంటుంది గాని అరిటాకు కాదు. దాని వీపున బూడిద రాసినట్టు తెల్లటి మైనం ఉంటుంది. కోసినప్పుడు పచ్చగా, ఉడికించాక మట్టిరంగుగా ఉండి, నాలుగు ఎండలూ నాలుగు మంచులూ తాగాక ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. అప్పుడే దాంట్లో జామ తాండ్ర బిళ్లలు చుట్టేది. వేలెస్ కొండల కింద తాండ్ర అంటే ఆకూ తాండ్రా కలిసిన వాసనే. ఆకు చుట్టని తాండ్రని చూస్తే ముసలమ్మలు, "గౌను వేసుకోకుండా పెళ్లికి వచ్చిందే ఇది!" అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు.

ఎర్సిలియాకి యాభైఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. ఆకుమోపులు మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే నాలుగువేళ్లు దిగిపోయింది. నడుస్తుంటే సరుకంతా ఒకపక్కకి సర్దుకున్న పడవలా ఒరిగి ఉంటుంది. ఆకులు ఉడికే గంగాళాల ఆవిరికి మోచేతులదాకా చర్మం నున్నగా మెరుస్తూ, ఒక్క వెంట్రుక కూడా లేకుండా ఉంటుంది. గోళ్లు పండిన జామకాయ తొక్కంత పసుపు. ఆమె పనిచేసే తాండ్ర ఫ్యాక్టరీ పాతికేళ్ల పండగనాడు అందర్నీ నిలబెట్టి తీసిన ఫొటో ఆఫీసు గోడకి వేలాడుతోంది. దాంట్లో ఎర్సిలియా ఉంది. ఆకుమోపు వెనకాల నుదురూ ఒక కన్నూ మాత్రం కనిపిస్తాయి. ఆ కన్ను ఎవరిదని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"ఇవాళ కూడా ఆ పాత గౌనేనా?" అంటూ వచ్చింది త్రాన్సితో అనే ఆవిడ. ఆమె గంగాళాల దగ్గర పనిచేస్తుంది. ఎర్సిలియాకంటే రెండేళ్లు చిన్నది, గొంతు మాత్రం నాలుగింతలు పెద్దది. "బొగొతా పట్నం నుంచి దొరలొస్తున్నారట. కాగితాలమీద సంతకాలట. కాస్త మంచిది వేసుకోకపోయావా అక్కా?"

"ఆకులకి నా గౌనుతో పనేముందే?"

"ఆకులకి లేదులే. దొరలకి ఉంటుంది."

"దొరలు నన్ను చూడ్డానికి రావటం లేదు. నా ఆకుదొన్నెని చూడ్డానికి వస్తున్నారు. దానికి కొత్త బట్టలు వేశాలే," అంది ఎర్సిలియా, నడుం పట్టుకుని లేస్తూ.

త్రాన్సితో పకపకా నవ్వింది. ఇద్దరూ కూచుని, మొక్కజొన్న రొట్టె చెరిసగం తుంచుకుని, నల్ల కాఫీలో ముంచుకు తిన్నారు. లోయలో నుంచి జామపళ్లు ఉడికే వాసన పైకి లేస్తోంది.

ఆ దొన్నె పుట్టిన కథకి మొదట ఉన్నది త్రాన్సితో వాళ్ల ఆవే. దాని పేరు లూసేరా. నుదుట తెల్ల చుక్క ఉండేది.

నాలుగేళ్ల కిందట ఫ్యాక్టరీకి ప్లాస్టిక్ చుట్టే మెషీను వచ్చింది. యజమాని దోన్ అనీబల్ సరదాపడి తెచ్చింది కాదది. ఆకుకి చీమలు పడుతున్నాయనీ, ఆకుమీద తేదీ అచ్చు వేయడానికి వీల్లేదనీ పట్నంలో కొనేవాళ్లు సరుకు తిప్పి పంపడం మొదలుపెట్టారు. ఆకుల షెడ్డులో యాభైమంది ఆడవాళ్లుండేవారు. ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది మంది మిగిలారు. "ఆకుకి కాలం చెల్లిందమ్మా," అన్నాడు దోన్ అనీబల్ అందరి ముందూ నిలబడి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు నేలమీదే ఉన్నాయి.

మెషీను చింపి పారేసిన ప్లాస్టిక్ ముక్కలు వాగు గట్టున గుట్టపడేవి. వాటికి తాండ్ర తీపి అంటుకుని ఉండేది. లూసేరా ఆ తీపికి అలవాటు పడింది. ఒక వర్షాకాలం మేత మానేసింది, పొట్ట ఉబ్బింది, మూడోరోజు కాళ్లు చాచేసింది. కసాయివాడు వచ్చి పొట్ట చీరితే లోపలినుంచి తలగడంత ముద్ద బయటపడింది. జిగటగా, గులాబీ రంగులో, జామ వాసన కొడుతూ. త్రాన్సితో గుండెలు బాదుకుంది. ఎర్సిలియా ఏడవలేదు. కర్రపుల్లతో ఆ ముద్దని కదిపి కదిపి చూసింది. ఇన్నేళ్లుగా తను ఆకు చుట్టిన తాండ్ర బిళ్లలు లెక్కకి అందవు. వాటి ఆకుల్ని ఎన్ని ఆవులు తినలేదు? ఎన్ని మేకలు నమల్లేదు? ఒక్కటైనా చచ్చిందా?

ఆ ఆదివారమే మొదలుపెట్టింది.

ఆకు చుట్టడానికి పనికిరాదంటే, ఆకుతో గిన్నె చేస్తే? డబ్బా చేస్తే? గట్టిగా నిలబడేది, మూతపడేది, అట్టముక్క అతికించి తేదీ వేసుకునేది? మొదట కర్రపెండలం గంజి రాసి రెండాకులు అతికించింది. మూడోరోజుకి బూజు పట్టింది. ఆకుని ఇస్త్రీపెట్టె కింద పెట్టి నొక్కింది. నడిమి ఈనె వెంబడి పగిలింది. ఒకసారి బాగానే వచ్చిందనుకుని గుమ్మంలో ఆరబెడితే కోళ్లు పొడుచుకుని తినేశాయి. త్రాన్సితో నవ్వి నవ్వి అరుగుమీద చతికిలబడింది.

"నవ్వకే. కోడి తింది, చావలేదు. చూశావా?" అంది ఎర్సిలియా. ఆమె మాత్రం నవ్వలేదు.

మొగుడు ఇసావ్రో బతికున్నరోజుల్లో లారీ తోలేవాడు. తర్వాత పచ్చల గనుల పిచ్చి పట్టి కొండలవతలికి వెళ్లాడు. ఆరేళ్లకి తిరిగొచ్చాడు, పచ్చరాయి లేకుండా, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో. ఎర్సిలియా రెండేళ్లు సాకింది, ఒక వానాకాలంలో సాగనంపింది. అతని లారీ జాకీ ఒక్కటి మంచం కింద తుప్పుపట్టి పడి ఉంది. దాన్ని కమ్మరి దగ్గరికి మోసుకుపోయి, ఒకదాంట్లో ఒకటి ఒదిగే రెండు ఇనుపగిన్నెల్ని దానికి అతికించమంది. కమ్మరి ఆమెని ఎగాదిగా చూశాడు. "ఎవణ్ణి నొక్కుదామని తల్లీ?" అన్నాడు. "నీలాంటి వాగుడుకాయని," అంది. ఆ జాకీ కింద నిప్పులు పోసి తిప్పుతుంటే ఆకు చుయ్యిమని అరిచేది. ఆ అరుపు ఆగిపోగానే నిప్పులు లాగెయ్యాలి. ముందు తీస్తే మెత్తన, ఆలస్యమైతే మాడు. ఎంతసేపన్నది గడియారానికి అందదు. చెవికే తెలుస్తుంది.

జిగురు మాత్రం ఫ్యాక్టరీలోనే దొరికింది. జామ తొక్కలూ గింజలూ ఉడికిన మడ్డి ఒక గరిటెకి అంటుకుని ఎండిపోయింది. దాన్ని గీకడానికి ఉలి తెప్పించాల్సి వచ్చింది. ఎర్సిలియా ఆ గరిటెని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు నిలబడిపోయింది. ఆ వారం నుంచి పారబోసే మడ్డిని చిన్న బిందెలో ఇంటికి మోసుకెళ్లడం మొదలెట్టింది. గంజిలో ఆ మడ్డి కలిపి కాచి, ఒక ఆకు ఈనెలు నిలువుగా, రెండో ఆకు ఈనెలు అడ్డంగా పెట్టి, మైనం ఉన్న వీపులు రెండూ బయటికి ఉండేట్టు అతికించి నొక్కింది. దాంట్లో వేడివేడి బంగాళదుంప పులుసు పోసుకుని తాగింది. తాగి, దొన్నెని తలకిందులు చేసి గుడ్డతో తుడిచి చూసింది. గుడ్డ తడవలేదు. అప్పటికి మూడేళ్లు గడిచాయి. ఆ రాత్రి పొయ్యిముందు కూచుని మళ్లీ పులుసు పోసుకుంది, ఆకలి లేకపోయినా.

పదకొండు గంటలకి ఆఫీసు నుంచి కబురొచ్చింది.

గదిలో ముగ్గురున్నారు. దోన్ అనీబల్, తెల్లచొక్కా మడత నలక్కుండా కూచున్నాడు. పక్కన బొగొతా నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన దుకాణాలు పట్నమంతా ఉన్నాయట. మూడో మనిషి లీసెత్, ఏడాది కిందట ఉద్యోగంలో చేరిన ఇంజినీరు పిల్ల. ఎర్సిలియా ఇంటినుంచి తెచ్చి చూపించిన దొన్నెని నీళ్లలో నానబెట్టి, నూనెలో ముంచి, బరువులు పెట్టి పరీక్షలు చేసింది ఆమే. చేసినప్పుడల్లా ఎర్సిలియాని పక్కన కూచోబెట్టుకునేది.

పెద్దమనిషి దొన్నెని చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చూశాడు. టక్కుమంది. "అద్భుతం," అన్నాడు దోన్ అనీబల్ వైపు తిరిగి. "మూతతో కూడా కావాలి. ముందు మీ తాండ్రకి, ఆ తర్వాత పళ్లకి, వండిన కూరలకి. ఇలాంటిది చేయించడం మీవల్లే అయింది."

దోన్ అనీబల్ గొంతు సవరించుకున్నాడు. "ఎర్సిలియా, ఇదిగో కాగితం. నువ్వు కూడా ఒక సంతకం పెడితే అయిపోతుంది."

"గట్టిగా చదువమ్మా," అంది ఎర్సిలియా లీసెత్‌తో. "నేను మూడో తరగతి. నేను చదివేసరికి పొద్దుగూకుతుంది."

లీసెత్ కాగితం తీసుకుంది. గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "కంపెనీ ప్రయోగశాలలో, కంపెనీ నిపుణులచే రూపొందించబడిన ఆకు పాత్రల తయారీ విధానంపై సర్వహక్కులూ..."

"ఆగమ్మా. ఆ ప్రయోగశాల ఎక్కడుంది?"

లీసెత్ కాగితం కిందికి దించింది.

"నా వంటింట్లో చేశాను. అక్కడ కోళ్లు తిరుగుతుంటాయి. వాటిని కూడా నిపుణుల్లో రాశారా?"

బొగొతా పెద్దమనిషి ఫక్కున నవ్వి, దోన్ అనీబల్ మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. లీసెత్ తల వంచుకుని చదువుకుపోయింది. ఎర్సిలియా పేరు రెండో పేజీలో వచ్చింది, "సహకరించిన కార్మికులు" అన్న మాట కింద. ఆ కిందే ఇంకో వాక్యం. సదరు కార్మికురాలు ఈ విధానాన్ని కంపెనీ వెలుపల వాడరాదు, ఎవరికీ నేర్పరాదు, సొంత ఇంట్లో సైతం తయారుచేయరాదు.

"ఇంట్లో కూడానా?" అంది ఎర్సిలియా.

"లాయర్లు అలాగే రాస్తారు, ఎర్సిలియా. మాటవరసకి," అన్నాడు దోన్ అనీబల్. ఆయన చెడ్డమనిషి కాదు. ఇసావ్రో పోయినప్పుడు శవపేటికకి భుజం పట్టాడు. తన తండ్రి పెట్టిన ఫ్యాక్టరీ తన చేతుల్లో మూతపడుతుందేమోనని నాలుగేళ్లుగా నిద్ర మానుకున్నవాడు. "ఆలోచించు. ఇది మన పేరున రాయించుకోకపోతే రేపు ఎవడో డబ్బున్నవాడు ఎత్తుకుపోతాడు. అప్పుడు నాకు ఫ్యాక్టరీ ఉండదు, మీకు ఆకుల షెడ్డూ ఉండదు. నీ పేరు ముఖ్యమా, పద్దెనిమిది మంది పొయ్యిలు వెలగడం ముఖ్యమా?"

ఎర్సిలియా చేతులు ఒడిలో పెట్టుకుని ఆ మాట పూర్తిగా వింది. దాంట్లో నిజముందని ఆమెకి తెలుసు. అందుకే ఆయనతో వాదించలేదు. తర్వాత లీసెత్ వైపు తిరిగింది.

"ఇంజినీరమ్మా, ఒక మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఊరందరికీ తెలిసిపోయిన పనిని ఒకడు నాదేనని రాయించుకోగలడా?"

లీసెత్ దోన్ అనీబల్ వైపు చూసింది. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. ఏడాది ఉద్యోగం ఆమెది, ఇంకా పర్మినెంటు కాలేదు.

"కష్టం, దోన్యా ఎర్సిలియా," అంది చివరికి. "చాలా కష్టం."

ఎర్సిలియా తలాడించి లేచింది. "మీరు చెప్పింది నిజమే, దోన్ అనీబల్. ఎవడో ఎత్తుకుపోతాడు. ఎవడూ ఎత్తుకుపోలేకుండా చేసి వస్తాను, ఉండండి."

భోజనాల గంట అప్పుడే మోగింది. ఆకుల షెడ్డు ఆడవాళ్లూ, తాండ్ర కోసేవాళ్లూ, లారీ డ్రైవర్లూ, కాపలావాడూ అందరూ ముంగిట్లో డబ్బాలు విప్పుకుంటున్నారు. ఎర్సిలియా జామపళ్ల పెట్టె ఒకటి బోర్లించి దానిమీదికెక్కింది. ఒరిగిన భుజంవల్ల నిటారుగా నిలబడ్డానికి ఆమెకి కాస్త సేపు పట్టింది. పదిమంది ముందు ఆమె ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

"రెండాకులు తీసుకోండి," అంది.

"గట్టిగా చెప్పక్కా!" అని అరిచింది త్రాన్సితో.

"రెండాకులు! నాలుగు మంచులు తాగినవి. మూడు కాదు, నాలుగు!" ఈసారి లారీల దాకా వినిపించింది. "ఒకదాని ఈనె నిలువు, రెండోదాని ఈనె అడ్డం. మైనం వీపులు బయటికుండాలి. కర్రపెండలం గంజి ఒక పాలు, జామ మడ్డి కాచిన జిగురు రెండు పాళ్లు."

"జిగురు ఎంతసేపు కాయాలి అక్కా?" అడిగింది తాండ్ర కోసే మనిషి ఒకామె, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని.

"గరిటె ఎత్తితే తీగ సాగేదాకా. తెగిందంటే ఇంకా కాయి. సాగి గాలికి ఊగిందంటే దించెయ్యి."

"నొక్కడానికి?"

"లారీ జాకీ ఏదైనా చాలు. రెండు ఇనుపగిన్నెలు కావాలి. ఆకు అరుస్తుంది, అరవనివ్వండి. అరుపు ఆగిన క్షణాన నిప్పు లాగేయండి. కంటితో చూడకండి, చెవితో వినండి. అంతే. ఇంకే రహస్యం లేదు. మూడేళ్లు పట్టింది నాకు. మీకు మూడు ఆదివారాలు చాలు."

ఒకామె కాటుక పెన్సిలుతో ముంజేతిమీద రాసుకుంటోంది. డ్రైవర్లలో ఒకడు, "మా జాకీ దొంగిలించరు కదా పిన్నీ?" అంటే అందరూ గొల్లుమన్నారు. ఆఫీసు మెట్లమీద బొగొతా పెద్దమనిషి ఫోను తీసి గబగబా ఏదో నొక్కుతున్నాడు. ఎర్సిలియా చూసింది.

"రాసుకోండి బాబూ, మీరు కూడా రాసుకోండి. కావాలంటే మళ్లీ మొదట్నుంచి చెబుతాను. ఊరందరి నోట్లో ఉన్నదాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యలేరు, ఎంత పెద్ద బీరువా అయినా."

ఆమె మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఈసారి త్రాన్సితో ప్రతిమాటనీ వెనకాలే అరిచింది, చర్చిలో ఫాదరు వెంట పలికినట్టు. తర్వాత ఇంకో ముగ్గురు పలికారు. తర్వాత ముంగిలంతా పలికింది. ఎర్సిలియాకి ఎందుకో లూసేరా పొట్టలోంచి తీసిన గులాబీరంగు ముద్ద కళ్లముందు మెదిలింది. గొంతు ఇంకాస్త పెంచింది.

పెట్టె దిగేసరికి దోన్ అనీబల్ ఎదురుగా ఉన్నాడు. మొహం ఎర్రగా లేదు. పాలిపోయి ఉంది.

"నీ పింఛనుకి ఇంకా పదహారు నెలలుంది, ఎర్సిలియా."

"తెలుసు. రోజూ వేళ్లమీద లెక్కెట్టుకున్నదాన్నే."

"రేపట్నుంచి రానక్కర్లేదు." మెల్లగా అన్నాడు, ఇంకెవరికీ వినబడకుండా.

ఎర్సిలియా ఆకాశం వైపు చూసింది. పడమటి కొండమీద మబ్బు నల్లబడుతోంది.

"సరే. పరిచిన ఆకులు మూడింటికల్లా తీయించండి. నాలుగింటికి వాన పడుతుంది. ఆ పైవరస ఇవాళ్టితో నాలుగో మంచు అయిపోయింది, దాన్ని విడిగా కట్టమనండి," అంది.

ఆకుల షెడ్డులోకి వెళ్లి చేతులు కడుక్కుంది. కొక్కేనికున్న తన కత్తీ, తలకి కట్టుకునే గుడ్డా తీసుకుంది. తీసుకోవడానికి ఇంకేమీ లేదు. అలమరలోంచి కొత్త దొన్నె ఒకటి తీసి, వంటపొయ్యిమీద మరుగుతున్న బెల్లంనీళ్లు గరిటెతో అంచుదాకా పోసింది. రెండు చేతులమీదా పట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా, ఒరిగిన నడకతోనే ఆఫీసు మెట్లెక్కింది. లీసెత్ తలుపు తీసి పట్టుకుంది. ఆ పిల్ల కళ్లు తడిగా ఉన్నాయి.

"మీకోసం నేను..." అని ఏదో అనబోయింది.

"నాకోసం ఏం చెయ్యక్కర్లేదమ్మా. నిజం చెప్పావు, అది చాలు. ఆదివారం మా ఇంటికి రా. జాకీ తిప్పడానికి బలమైన చేతులు కావాలి."

బల్లమీద కాగితం ఇంకా పరిచే ఉంది, కలం దానిమీద అడ్డంగా. ఎర్సిలియా కలం పక్కకి జరిపి, దొన్నెని సరిగ్గా కాగితం నడిమధ్య పెట్టింది. వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడిపోయిన దోన్ అనీబల్ వైపు తిరిగింది.

"కారితే కబురు చేయండి. వచ్చి మీరు పెట్టమన్నచోట సంతకం పెడతాను."

ఆయన దారి వదిలాడు. ఆమె దిగిపోయింది. గేటు దాకా త్రాన్సితో వెంట నడిచింది, తర్వాత ఇద్దరు, తర్వాత ఇంకో నలుగురు. ఆడవాళ్లెవరూ ఏడవలేదు. "ఆదివారం ఎన్నింటికి రమ్మంటావు?" అని మాత్రం అడిగారు. "పొద్దున్నే రండి. ఎవరి ఆకులు వాళ్లు తెచ్చుకోండి," అంది ఎర్సిలియా. మట్టిదారి మలుపు తిరిగాక ఆమె ఒరిగిన భుజం కాఫీ చెట్ల మధ్య కొంచెంసేపు కనబడింది. తర్వాత కనబడలేదు.

నాలుగింటికి వాన పడింది. ఆకులు మూడింటికే లోపలికి చేరాయి. దోన్ అనీబల్ స్వయంగా నిలబడి తీయించాడు. బొగొతా కారు వానలోనే వెళ్లిపోయింది. అయిదున్నరకి గదులకి తాళాలు వేస్తూ వచ్చిన ఆయన తన గదిలో ఆగిపోయాడు. దొన్నె పెట్టినచోటే ఉంది. బెల్లంనీళ్లు చల్లారి పైన పలచగా మీగడలాంటి పొర కట్టాయి. ఆయన వంగి, దొన్నె చుట్టూ కాగితాన్ని వేలితో నొక్కుతూ వచ్చాడు. ఒకవైపు. రెండోవైపు. మళ్లీ మొదట్నుంచి. దాన్ని ఎత్తడానికి చెయ్యి చాపి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచున్నాడు.

దొన్నె నిండుగా ఉంది. కింద కాగితం పొడిగా ఉంది.